బిగించే వీడియో మాయమైంది

మా కోడలికి అడగడం ఒక జబ్బు. ఇంటికొచ్చిన కొత్తల్లో ముందుగదిలో నిలబడి, "అత్తయ్యా, ఈ కిటికీ తెరవొచ్చా?" అంది. "గాలి కూడా నన్నడిగే పీలుస్తావా?" అన్నాను. మర్నాడు అదే కిటికీ దగ్గర నిలబడి మళ్ళీ అడిగింది. మా వాడు బస్సు నడుపుతాడు. వాడికి హారన్ కొట్టడమే గాని అడగడం తెలియదు. వీళ్లిద్దరికీ ఎలా పొత్తు కుదిరిందో ఆ పొత్తు కుదిర్చినవాళ్లే చెప్పాలి.

కోడలు బడిలో సైన్సు చెప్తుంది. పిల్లలు తనకి పెట్టిన పేరు 'ఆగండి టీచర్'. తరగతిలో వీడియోలు చూపిస్తూ, సరిగ్గా మంచి పట్టులో ఉండగా "ఆగండి" అని బొమ్మ నిలిపేస్తుంది. "ఇప్పుడేమవుతుంది?" అని అందరినీ అడుగుతుంది. ఎవరికి తోచింది వాళ్లు చెప్పాకే మళ్ళీ నడిపిస్తుంది. బడిలో జరిగేదానికి రిహార్సలు ఇంట్లోనే, నా మంచం మీదే. ఒకసారి ఒక పాము తన తలకంటే పెద్ద గుడ్డు ముందు నోరు తెరిచింది. ఆపేసింది మహాతల్లి.

"ఇప్పుడేమవుతుంది అత్తయ్యా?"

"ఏమవుతుంది, గొంతుకి అడ్డం పడి చస్తుంది. నడిపించు."

"ఎందుకు అడ్డం పడుతుందనుకుంటున్నారు?"

"నువ్వు నడిపిస్తావా, నన్ను లేవమంటావా?"

ఆ పాము గుడ్డు మింగేదాకా నేను కాఫీ మింగలేదు.

బడిలో నెట్టు హెడ్‌మిస్ట్రెస్‌గారి గదిలోనే వస్తుంది. తరగతి గదిదాకా రాదు. అందుకని తను సాయంత్రాలు ఇంట్లో కూర్చుని వీడియోలు వెతికి, అందులో ప్రకటనలు కోసి, పనికొచ్చే ముక్క ఉంచి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటుంది. చిటికెన వేలంత ఉంటుంది అది. దాన్ని తాళాలగుత్తికి తగిలించుకుంటుంది. అగ్నిపర్వతం అందులోనే, తిమింగలం అందులోనే, గింజ మొలకెత్తడం అందులోనే. పొద్దున్నే గుత్తి ఊపుకుంటూ బయల్దేరుతుంటే, ఇంటి తాళంతోపాటు సముద్రం కూడా పట్టుకుపోతోంది గదా అనిపించేది నాకు.

ఇక్కడ కూడా అడిగే జబ్బు ఉండనే ఉంది. వీడియో కింద 'ఎవరైనా దించుకోవచ్చు' అని రాసి ఉంటే దించుకుంటుంది. లేకపోతే తీసినవాళ్లకి రాస్తుంది. ఫలానా నేను, పిల్లలకి పాఠం చెప్తాను, మీ వీడియో కాపీ చేసుకుని తరగతిలో చూపించుకోవచ్చా అని. చాలామంది జవాబిస్తారు. తేనెటీగలు పెంచే ఆయన, చూపించుకోండి గాని పిల్లల్ని పట్టు దగ్గరికి పోవద్దని చెప్పండి అన్నాడు. నత్తల్ని వీడియో తీసే ఒకావిడ, పిల్లలు ఏ ప్రశ్నలు అడిగారో తిరిగి రాయమంది. తను కూర్చుని అన్నీ రాసి పంపింది. ఒకాయన కుదరదన్నాడు. అతనికి కూడా థాంక్సు చెప్పింది.

"కుదరదన్నవాడికి థాంక్సేమిటే?"

"జవాబిచ్చాడు కదా అత్తయ్యా."

వాళ్ల బడిలో లెక్కల మాస్టారు ఒకడున్నాడు. మా వీధి చివరే ఇల్లు. మంచివాడే గాని నిలకడ లేదు, నడుస్తున్నా పరిగెడుతున్నట్టే ఉంటాడు. ఆయన పద్ధతి వేరు. కనబడిందల్లా దించేస్తాడు. పుస్తకమంత హార్డ్‌డిస్క్ డబ్బా ఒకటి, దాన్నిండా వీడియోలే. "నెట్టులో పెట్టారంటేనే తీసుకోమని మేడమ్. వీధిలో కుళాయి ఉంటే కుళాయినడిగి తాగుతామా?" అంటాడు. "మాస్టారూ, అందులో మీరు చూసినవెన్ని?" అని నేనడిగాను. "చూడ్డానికి టైమెక్కడిదండీ అమ్మగారూ, దించడానికే సరిపోతోంది" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు.

జవాబే రానివాళ్ల వీడియోలుంటాయి. వాటిని దించదు. తరగతికని తను పెట్టుకున్న పేజీలో పొదుగుతుంది. ఎంబెడ్ అంటారట. అదేమిటని అడిగితే నాకర్థమయ్యేలా చెప్పింది.

"మన గోడకి కిటికీ పెట్టినట్టు అత్తయ్యా. బొమ్మ వాళ్లింట్లోనే ఆడుతుంది. మనం ఇక్కణ్నుంచి చూస్తాం."

"వాళ్లు తలుపేసుకుంటే?"

"మనకి కనబడదు."

"మరి దించుకోవడం?"

"అది తెచ్చి మన బీరువాలో పెట్టుకోవడం."

"బీరువాలో ఉన్నదే మనది. గోడలోంచి కనబడేది మనదెలా అవుతుందే?"

"మనది కాదు కాబట్టే కదా, అడుగుతున్నాను."

నోట్లో నాలుక లేనట్టుంటుంది. అవసరానికి మాత్రం ఎక్కడో మడిచి దాచుకున్న మాట తీసి ముందు పెడుతుంది.

ఆ పొదిగిన వీడియోలు చూపించాలంటే నెట్టు ఉండాలి గదా. హెడ్‌మిస్ట్రెస్‌గారి గదిలోంచి పొడుగాటి వైరు లాగి, వరండా దాటించి, తరగతి కిటికీలోంచి లోపలికి తీసుకుంటుంది. వరండాలో వైరుని తొక్కకుండా ఇద్దరు పిల్లలు కాపలా. అంత తతంగం.

ఆ ఏడాది యంత్రాల పాఠం వచ్చింది. చక్రాలు, పళ్లచక్రాలు, మీటలు. వెతగ్గా వెతగ్గా ఒక ఛానెల్ దొరికింది. అందులో మనిషి కనబడదు, మాట వినబడదు. బూడిదరంగు గుడ్డ, దాని మీద రెండు చేతులు, అంతే. ఆ చేతులు ఒక తాళంకప్పని విప్పుతాయి. ముక్కలన్నీ గుడ్డ మీద వరసగా పేరుస్తాయి. తుడుస్తాయి. మళ్ళీ బిగిస్తాయి. ఇంకోసారి కుళాయి, ఇంకోసారి గోడగడియారం. తొందరుండదు, విసుగుండదు. మొదట్లో నేను, ఇదేం చూడ్డమే, పనిలేని మంగలి పిల్లి తల గొరిగినట్టు, అన్నాను. తరవాత సాయంత్రం కాగానే "ఇవాళ చేతులు ఏం విప్పాయే?" అని నేనే అడగడం మొదలెట్టాను.

ఆ చేతులెవరివన్నది మా ఇద్దరికీ పెద్ద పేచీ.

"మగచేతులు అత్తయ్యా. వేళ్లు చూడండి, ఎంత లావో."

"వేళ్లదేముంది, నా వేళ్లు చూడు. ఆడదే. మగాడైతే ఈపాటికి ఒక స్క్రూ జారవిడిచి మంచం కిందికి దూరి, అక్కణ్నుంచి పెళ్లాన్ని కేకేసేవాడు."

మా వాడు అన్నం తింటూ విని, "నన్నెందుకు లాగుతారు" అన్నాడు. వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ సామెత ఊరికే పుట్టలేదు.

ఇలా ఉండగా చేతులు కుట్టుమిషను విప్పాయి. రెండు భాగాల వీడియో. మొదటిదాంట్లో విప్పి తుడవడం, రెండోదాంట్లో బిగించడం.

నా మిషను గురించి ఇక్కడ చెప్పాలి. మా ఆయన పోయాక ఈ ఇంటిని నడిపింది అది. చొక్కాలు, గౌన్లు, కర్టెన్లు, పరుపు గలేబులు, ఏది తెస్తే అది కుట్టాను. మా వాడి చదువు దాని మీదే అయింది. ఈ వీధిలో సగంమంది ఒంటి కొలతలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను, వాళ్లిప్పుడు ఒప్పుకోరు గాని. అలాంటి మిషను ఆ మధ్య బిగుసుకుపోయింది. చక్రం తిప్పితే కదలదు. బాగుచేసేవాణ్ని పిలిస్తే తట్టి చూసి, "పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యండి, దీని వయసైపోయింది" అన్నాడు. "నా వయసూ అయింది, నన్నెవరికిస్తావు?" అన్నాను. వెళ్లిపోయాడు. ఆ రోజునించి దాని మీద దుప్పటి కప్పి, దాని వంక చూడకుండా తిరుగుతున్నాను. చేతిలో పని లేక ఒళ్లు బరువెక్కింది. చిరాకు మాత్రం తేలిగ్గా వచ్చేది.

మిషను వీడియో రెండు భాగాలూ ఇద్దరం చూశాం. తను ల్యాప్‌టాప్ మూసి, అలవాటు ప్రకారం అడిగింది.

"అత్తయ్యా, మన మిషను బడికి తీసుకెళ్లొచ్చా? అచ్చం అలాంటిదే. పిల్లలతో కలిసి చూస్తూ విప్పుతాను. నూనె పెట్టి మళ్ళీ బిగించి, నడిపించి తెస్తాను."

"నడవకపోతే?"

"నడిపించే తెస్తాను."

అడిగేవాళ్లకి కాదనడం ఎంత కష్టమో! అడక్కుండా పట్టుకుపోయేవాళ్లతో అయితే హాయిగా పోట్లాడొచ్చు. "ఒక్క ముక్క పోయిందంటే నువ్వూ ఆ ముక్కతోపాటే పో" అని పంపించాను.

కాపీ చేసుకోవచ్చా అని ఆ చేతులవాళ్లకి తను అప్పటికే రాసింది. జవాబు రాలేదు. అందుకని దించలేదు, తరగతి పేజీలో పొదిగింది. మొదటి రోజు వైరు లాగి, తెరమీద మొదటి భాగం చూస్తూ, ఆపుతూ, విప్పారు. సాయంత్రం మొహం వెలిగిపోతూ వచ్చింది. "సూది అడుగున తిరిగే షటిల్ కింద ఎంత దూది పేరుకుందో తెలుసా అత్తయ్యా? బొమ్మకి దిండు కుట్టొచ్చు!" అంది. రేపు బిగిస్తాం అంది.

ఆ రేపు సాయంత్రం చేతులూపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పులు విప్పలేదు.

"మిషనేదే?"

"బడిలో ఉంది అత్తయ్యా."

"బిగించారా?"

"లేదు. రెండో వీడియో లేదు."

"లేకపోవడమేమిటి? మొన్న చూశాం గదా ఇద్దరం."

"వాళ్లు తీసేశారు. మొదటిదీ రెండోదీ రెండూ. పేజీలో నల్లటి డబ్బా ఒకటి వస్తోంది, ఈ వీడియో ఇప్పుడు అందుబాటులో లేదు అని."

"వీడియో అందుబాటులో లేదు. సరే. నా మిషనో?"

"ఉందత్తయ్యా. ముక్కలుగా ఉంది."

నేనేమన్నానో అంతా రాస్తే బాగుండదు. పక్కింటివాళ్లు టీవీ తగ్గించారని మాత్రం చెప్తాను. దించుకోమంటే పెద్ద ధర్మరాజులా కిటికీ పెట్టావు, వాళ్లు తలుపేసుకున్నారు, నా మిషను తలుపు సందులో పడి నలిగింది అన్నాను. నేను ఆయాసపడి ఆగాక, "వాళ్లకి మళ్ళీ రాశాను" అంది.

"ఏమని? ఆ వీడియో పంపమని గట్టిగా రాశావా?"

"బాగున్నారా అని రాశాను. ఉన్నట్టుండి తీసేశారంటే ఏమైందో అని."

"నా మిషను ఆస్పత్రిలో ఉంటే వాళ్లని పరామర్శిస్తావా!"

"మన సంగతీ రాశాను. కింద."

ఇంక ఆ పిల్లతో మాట్లాడి లాభం లేదని, మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని తన వెనకాలే బడికి బయల్దేరాను. నా ముక్కల దగ్గర నేనే కూర్చుంటాను, ఎవరు ఏది ముట్టుకుంటారో చూస్తాను అన్నాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు వరండాలో ఎదురై, "అమ్మగారూ, మీరు...?" అంది. "మిషను తాలూకు" అన్నాను. దారిచ్చింది.

గదిలో కిటికీలకి పాత దుప్పట్లు మేకులకి తగిలించి ఉన్నాయి, తెర కనబడాలని. వెనక బల్లల మీద ఒక గుడ్డ, దాని మీద నా మిషను. ఇన్నేళ్లు ఒక్క వస్తువనుకున్నాను దాన్ని. లోపల ఇంత సంసారముందని నాకు తెలియదు. పళ్లచక్రాలు, కడ్డీలు, వంకీలు, పెసరగింజంత స్క్రూలు. అన్నీ తళతళలాడుతున్నాయి. తిడదామని నోరు తెరిచినదాన్ని, "ఇదేమిటి?" అన్నాను. చంద్రవంకలా కొక్కెం ఉన్న ముక్క అది.

"షటిల్ అమ్మమ్మా!" అని ఒక పిల్ల అరిచింది. ఆ పిల్లని గంట అంటారట, ఆ గొంతు వింటే ఎందుకో తెలుస్తుంది.

"షటిలని నాకూ తెలుసు. ఆ కొక్కెం ఎందుకని?"

గంట మోగలేదు. మా కోడలే, "అది మాకూ తెలియాలి" అంది.

ఇంతలో లెక్కల మాస్టారు డబ్బా చంకలో పెట్టుకుని ఊడిపడ్డాడు. "నా దగ్గర లేని వీడియో ఉండదు మేడమ్" అన్నాడు. చేతుల వీడియో ఒక్కటే ఆయన దగ్గర లేదు. వేరే ఎవరిదో కుట్టుమిషను బిగించేది ఉంది, పెట్టాడు. అందులో ఒకాయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. కాసేపటికి తెలిసిందేమిటంటే ఆ మిషను పొట్ట వేరు, మా మిషను పొట్ట వేరు. మాస్టారు ఒక కడ్డీ పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది ఎక్స్‌ట్రా అయ్యుండొచ్చు" అన్నాడు.

"మీ ఇంట్లో పుట్టిందా ఎక్స్‌ట్రా? అక్కడ పెట్టండి" అన్నాను. పెట్టేశాడు.

అప్పుడు తను తెర ఆర్పేసి, కిటికీ దుప్పట్లు తీయించింది. పిల్లల్ని గుడ్డ చుట్టూ నిలబెట్టి, "మొన్న ఆఖర్న విప్పింది ఏది?" అని అడిగింది.

"షటిల్ దగ్గరి గుండ్రటి కవరు!"

"కాదు, దాని ముందు స్ప్రింగు. మీరు ఆగండి అన్నారు గదా టీచర్, అప్పుడు నేను స్ప్రింగు ఎగిరిపోతుందన్నాను."

"ఎగిరింది కూడా!"

"అయితే ముందు కవరు పెట్టాలి."

"కవరు పెడితే స్ప్రింగు ఎలా దూరుతుందిరా, బుద్ధుందా?"

అలా మొదలైంది. విప్పుతున్నప్పుడు ముక్కముక్కకీ ఆపి, ఇప్పుడేం వస్తుందని వాళ్లని వేపుకు తిన్నది గదా. ఎవడు ఎక్కడ తప్పు చెప్పాడో వాడికి గుర్తుంది, పక్కవాడికి ఇంకా బాగా గుర్తుంది. వెనకనుంచి ముందుకి, తిట్టుకుంటూ, గిల్లుకుంటూ, ఒక్కో ముక్కా ఎక్కించారు. రెండుసార్లు బిగించి రెండుసార్లు విప్పారు. మధ్యాహ్నం గంట కొట్టినా కదల్లేదు. నేను గోడవార కుర్చీలో కూర్చుని, ఎవరి చేతిలో ఏముందో చూస్తూ, "నూనె చేత్తో చొక్కా ముట్టుకోకు, ఉతికేది మీ అమ్మ" అంటూ ఉన్నాను.

చక్రం తిరిగింది. ఎన్నాళ్లకో ఆ చప్పుడు విన్నాను. పిల్లలు ఈలలేశారు. నేను లేచి, దారమెక్కించి, గుడ్డముక్క మిషను పాదం కింద పెట్టి తిప్పాను. సూది దిగింది, లేచింది, దిగింది. తీసి చూస్తే గుడ్డకి దోమలు కుట్టినట్టు వరసగా చిల్లులున్నాయి. కుట్టు లేదు. పైదారం పైనే, కిందిదారం కిందే. కలిసి కాపురం చెయ్యం అన్నాయి.

దారం మార్చాను, సూది మార్చాను, బిగువు మార్చాను. నాకు తెలిసిందంతా అంతే. తను నా పక్కన నిలబడి, ఆ చిల్లుల వంక చూస్తూ, "నడిపించి తెస్తానన్నాను" అంది, తనలో తనే. ఆ మొహం చూసి తిట్టబుద్ధి కాలేదు. మిషనుని అక్కడే ఉంచి ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర తన ఫోను మోగింది. చూసి, కప్పు పక్కన పెట్టేసింది. "అత్తయ్యా! చేతులు!" అంది.

వాళ్లు ఏ భాషలో రాశారో గాని ఫోనే మన భాషలోకి మార్చి చూపించింది. తను పైకి చదివింది.

"మీరు నా క్షేమం అడిగారు. నేను బాగున్నాను. సిగ్గుపడి వీడియో తీసేశాను. నేను మెకానిక్‌ని కాను. బట్టల షాపులో ఇస్త్రీ చేస్తాను. ప్రతి వస్తువులోనూ లోపల ఏముందో చూడాలనిపిస్తుంది, అందుకని విప్పుతాను. ఆ మిషను పక్కింటావిడది. నేను బిగించాక తిరిగింది గాని కుట్టలేదు. సూది ఉండే కడ్డీని ఏ ఎత్తులో బిగించాలో తెలియక ఎక్కడో అక్కడ బిగించాను. అది చూసి ఇంకెవరైనా మిషను పాడుచేసుకుంటారని తీసేశాను. మీ పిల్లలు మొదటి భాగం చూసి విప్పేశారని చదివి నాకు నిద్ర పట్టలేదు. సరైన ఎత్తు ఎంతో నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి. పక్కింటావిడ నాతో ఇంకా మాట్లాడటం లేదు."

నిజమే. ఆ వీడియో చివర చక్రం తిప్పి చూపించారే గాని గుడ్డ పెట్టి కుట్టలేదు. ఇద్దరం కళ్లప్పగించి చూశాం, ఒక్కళ్లకి తట్టలేదు. దించి బీరువాలో పెట్టుకున్నా మాకు దక్కేది ఈ చిల్లులే.

"ఆడా మగా రాశారా?" అన్నాను.

"రాయలేదు."

"అడగవే మరి! అడగాల్సినవి మాత్రం అడగవు."

తను వినడం లేదు. అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టింది. "కడ్డీ ఎత్తు. కొక్కెం. ఆ కొక్కెం పనేమిటో తెలిస్తే ఎత్తు తెలుస్తుంది. రండి అత్తయ్యా" అంది. నన్ను రమ్మని పిలవడం అదే మొదలు. అడగలేదు, పిలిచింది.

ఆ రోజు తరగతిలో, సూది దిగే పళ్లెం కింద మూత తీసేసి, షటిల్ బయటికి కనబడేలా మిషనుని పక్కకి వాల్చారు. లెక్కల మాస్టారి ఫోను కొత్తది, జరిగినదాన్ని నత్తనడకన చూపించేలా వీడియో తీస్తుందట. తొందర మనిషి దగ్గరే అలాంటి ఫోనుండటం చూడండి. ఆయనే వంగి పట్టుకున్నాడు. నేను ఎర్రదారమెక్కించి చక్రం తిప్పాను. తీసిన వీడియోని కంప్యూటర్లోకి ఎక్కించి తెరమీద వేశారు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ తలుపేసుకోరు. ఇది మా వీడియో.

గోడంత సూది దిగింది. అడుగుదాకా పోయి, ఒక్క క్షణం నిలిచి, పైకి లేవడం మొదలెట్టింది.

"ఆగండి" అంది తను. బొమ్మ నిలిచింది. "దారం చూడండి."

సూది పైకి లేస్తోంది గాని దారం దానితో లేవలేదు. కొంచెం బద్ధకించి, సూది పక్కన బుడగలా ఉబ్బింది. ఉంగరంలా. ఆ ఉంగరం ఎందుకో నాకు అప్పటికప్పుడే తెలిసిపోయింది, గంట కంటే ముందే.

"దాన్ని పట్టుకోవడానికే కొక్కెం!" అన్నాను.

"ఏమవుతుంది అత్తయ్యా ఇప్పుడు?"

"కొక్కెం వచ్చి ఆ ఉంగరాన్ని తగిలించుకుని, కిందిదారం చుట్టిన బాబిన్ చుట్టూ తిప్పుతుంది. కిందిదారం అందులోంచి దూరుతుంది. అదే కుట్టు! నడిపించు, నడిపించు."

నడిపించింది. కొక్కెం వచ్చింది. ఉంగరం పైన, కొక్కెం కింద, గాల్లో తిరిగి ఉత్తచేతుల్తో వెళ్లిపోయింది. గదంతా "అయ్యో" అంది.

"కడ్డీ పైకుంది టీచర్! కిందికి దించాలి!"

ఎన్ని వేల గజాలు కుట్టి ఉంటానో నేను. ఆ పళ్లెం కింద ప్రతి కుట్టుకీ ఇంత జరుగుతోందని ఒక్కనాడూ అనుకోలేదు. సూది పొడుస్తుంది, దారం పడుతుంది అనుకున్నాను. "మళ్ళీ వెయ్యి" అన్నాను. వేశారు. "మళ్ళీ" అన్నాను. మాస్టారు "అమ్మగారూ, ముందు కడ్డీ..." అన్నాడు. "మీ తొందర మీ ఇంట్లో పెట్టుకోండి" అన్నాను.

పక్కనున్న స్క్రూ వదులు చేసి కడ్డీని కొద్దిగా దించారు. వీడియో తీశారు. ఇంకా అందలేదు. ఇంకొంచెం దించారు. ఈసారి సూది వచ్చి కొక్కేనికి తగిలి విరిగింది. "మరీ కాళ్లమీద పడమనలేదురా" అన్నాను. కొత్త సూది పెట్టి, గోటి మందంలో సగం పైకెత్తి బిగించారు. వీడియో తీశారు. తెరమీద ఎర్రదారం ఉబ్బింది. కొక్కెం నెమ్మదిగా వచ్చి దాన్ని చిటికెన వేలికి తగిలించుకున్నట్టు తగిలించుకుని పోయింది.

గుడ్డ పెట్టి కుట్టాను. ముందు చూశాను, వెనక్కి తిప్పి చూశాను. కుట్టు పడింది. నా మిషను కుట్టే. కొంచెం గీర మనిషి నడిచినట్టు ఠీవిగా ఉంటుంది, నాకు తెలుసు. తను ఆ గుడ్డ నా చేతిలోంచి తీసుకుని లాగి చూసి, గట్టిగా ఊపిరి వదిలింది. పిల్లల గోల గురించి చెప్పక్కర్లేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారు పరిగెత్తుకొచ్చింది, ఎవరికేమైందో అని.

"అత్తయ్యా, ఈ వీడియో చేతులకి పంపొచ్చా? పక్కింటావిడ మిషనుకి పనికొస్తుంది. మిషను మీది కదా."

"నన్నడిగేదేమిటి, తొందరగా పంపు. ఇరుగుపొరుగుతో మాటల్లేకుండా ఎన్నాళ్లుంటారు పాపం."

పంపింది. సాయంత్రానికే జవాబు వచ్చింది. ఈ వీడియో నా ఛానెల్లో అందరికీ చూపించవచ్చా, మీ పిల్లల్ని అడిగి చెప్పండి అని. అడిగే జబ్బు అంటువ్యాధని అప్పుడు తెలిసింది. పిల్లలు ఒప్పుకున్నారు.

మిషనుని మా వాడే మోసుకొచ్చాడు. కిటికీ పక్కన పెట్టించుకుని, ఆగిపోయిన పనంతా మొదలెట్టాను. ఇంతలో ఒక పొద్దున తను గుమ్మంలో నిలబడి, అరచెయ్యి చాపింది. దానిమీద పెసరగింజంత స్క్రూ ఒకటి.

"గుడ్డ దులుపుతుంటే దొరికింది అత్తయ్యా. మిగిలిపోయింది."

"ఎక్కడిది?"

"తెలియదు. పిల్లల్నడిగాను, ఎవరికీ గుర్తులేదు. చేతులకి ఫొటో పంపాను, వాళ్లకీ తెలియదట. మళ్ళీ విప్పొచ్చా?"

"అయ్యో తల్లీ, నడుస్తోంది గదే! నాలుగు రోజులు నడవనియ్యి. చేతిలో పనుంది" అన్నాను. సరేనని ఆ స్క్రూని సూదుల డబ్బాలో వేసి బడికి పోయింది.

మిషను బాగానే నడుస్తోంది. కుట్టు కుదురుగా పడుతోంది. కానీ కాలు ఆడిస్తున్నంతసేపూ ఆ డబ్బా వైపే నా చూపు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, కళ్లజోడు పెట్టుకుని, మిషనుని పక్కకి వాల్చి, టార్చి వేసి ఖాళీ బెజ్జం ఎక్కడుందా అని వెతికాను.

రెండు కనబడ్డాయి.